పాత గ్రంథాలయానికి కొత్త గది: గోడను ఆనించవద్దు

ప్రశ్న: మా గ్రంథాలయం డంగు సున్నంతో కట్టిన పాత రాతి భవనం. పుస్తకాలకు చోటు చాలక వెనక రెండంతస్తులు కట్టాలనుకుంటున్నాం. పాత గోడనే ఒక పక్క గోడగా వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, సుల్తాన్ బజార్, హైదరాబాద్

జవాబు: వద్దండీ. పాత గోడ ఎప్పుడో కుంగి స్థిరపడింది, కొత్త కట్టడం ఇప్పుడు కుంగుతుంది. రెండింటినీ కలిపితే అతుకు దగ్గర పగులు ఖాయం. మధ్య 50 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. పైకప్పు దగ్గర ఆ సందును వంగే గుణమున్న రేకుతో కప్పాలి. వాన నీరు ముందు దూరేది అక్కడే.

తవ్వే ముందు పాత గోడ పక్కన చిన్న గుంత తీసి పునాది ఎంత లోతుందో చూడండి. కొత్త పునాది దానికంటే లోతుగా, పక్కనే వెళ్తే పాత రాళ్ల కింద మట్టి జారిపోతుంది. అందుకే పిల్లర్లను రెండు మీటర్లు వెనక్కి జరిపి, స్లాబును గోడ వైపు ముందుకు చాపడం మేలు.

పుస్తకాల బరువును చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. బీరువాల ఎత్తు 2.2 మీటర్ల వరకైతే చదరపు మీటరుకు సుమారు 600 కిలోల భారం లెక్కేయాలి. చదువుకునే గదికి అందులో సగం చాలు.

దారికి గోడ పగలగొట్టకండి, ఉన్న కిటికీనే కిందికి దించి తలుపు చేయండి. దాని అంచులకు సున్నమే వాడండి. సిమెంటు పూస్తే చెమ్మ బయటికి రాలేక రాయి పొరలుగా ఊడుతుంది. పడమటి గోడకు కిటికీలొద్దు, ఎండకు కాగితం పెళుసెక్కుతుంది.

భవనం వారసత్వ జాబితాలో ఉందేమో ముందే కనుక్కోండి. ఉంటే అనుమతి లేకుండా ఇటుక కూడా కదపకూడదు.