మంచి చేయబోయిన పాత్రను జట్టు అపార్థం చేసుకునే కార్టూన్లు పిల్లలకు చూపించవచ్చా?

మీ ఆరేళ్ల బాబు ఫుట్‌బాల్ కార్టూన్ చూస్తూ ఏడ్చేశాడని రాశారు. హీరో ఒక స్నేహితుడికి అవకాశం ఇద్దామని తను కొట్టాల్సిన బంతిని వదిలేస్తాడు, మ్యాచ్ పోతుంది, కావాలనే ఓడించాడనుకుని జట్టంతా అతనితో మాట్లాడటం మానేస్తుంది. ఇలాంటివి చూపించడం మంచిదేనా అని మీ ప్రశ్న. నేను సెలవు రోజుల్లో పిల్లల జట్టుకు ఫుట్‌బాల్ నేర్పిస్తుంటాను, మా పాపదీ దాదాపు మీ బాబు వయసే. నా సమాధానం ఒక్కటే: చూపించండి, కానీ పక్కన కూర్చుని చూపించండి.

ముందు ఆ ఏడుపు గురించి. బాబు ఏడ్చాడంటే కథ బాగా అర్థమైందన్నమాట. హీరో మనసులో ఏముందో తనకు తెలుసు, జట్టుకు తెలియదు. ఆ తేడా పట్టుకోగలగడం చిన్న విషయం కాదు. 1983లో హైంజ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు పిల్లలకు ఒక కథ చెప్పారు. మాక్సీ అనే అబ్బాయి చాక్లెట్‌ను ఒక అల్మారాలో పెట్టి ఆడుకోవడానికి వెళ్తాడు. అతను లేనప్పుడు వాళ్లమ్మ దాన్ని ఇంకో అల్మారాలోకి మారుస్తుంది. తిరిగొచ్చాక మాక్సీ ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు సాధారణంగా చాక్లెట్ ఇప్పుడు ఎక్కడుందో అక్కడే చూపిస్తారు. నాలుగైదేళ్లు వచ్చాకే ‘పాత చోటే వెతుకుతాడు, మార్చినట్టు తెలియదు కదా’ అనగలుగుతారు. అందుకే మూడేళ్ల పిల్లలకు ఈ తరహా కథలో అసలు బాధ సరిగా అందదు. మీ బాబుకు అందింది.

ఇందులో యానిమేషన్ చేసే పని కూడా తక్కువది కాదు. 1980లో షారన్ నెల్సన్ మూడేళ్ల, ఏడేళ్ల పిల్లలతో ఒక అధ్యయనం చేశారు. ఒక అబ్బాయి స్నేహితుడి వైపు బంతి విసురుతాడు. ఒక కథలో కలిసి ఆడుకుందామని, ఇంకో కథలో కోపంతో కొడదామని. అబ్బాయి తల పక్కన బుడగ గీసి, అందులో అతని ఉద్దేశాన్ని బొమ్మగా చూపించినప్పుడు మూడేళ్లవాళ్లు కూడా దాన్ని లెక్కలోకి తీసుకున్నారు. కానీ ఉద్దేశం మంచిదైనా బంతి స్నేహితుడి తలకు తగిలితే, విసిరినవాడు చెడ్డవాడే అనే వైపు చిన్నవాళ్లు మొగ్గారు. ఈ విషయం మైదానంలో నేను తరచూ చూస్తుంటాను. గోల్ పోయిందంటే చాలు, ఎందుకలా చేశావని అడిగేవాళ్లే ఉండరు.

ఈ కథల్లో నాకు నచ్చనిది ఒకటుంది. చాలాసార్లు న్యాయమంతా హీరో పక్కనే పెట్టేసి, జట్టువాళ్లను మరీ మొండిగా చూపిస్తారు. నిజంగా అలా జరగదు. మా జట్టులో ఒక పాప గోల్ ఎదురుగా ఎవరూ లేకపోయినా కొట్టకుండా, పక్కనున్న అబ్బాయికి పాస్ ఇచ్చింది. ఆ అబ్బాయి అప్పటిదాకా ఒక్క గోల్ కూడా వేయలేదు. పాస్ వస్తుందనుకోలేదు కాబట్టి బంతి కాళ్ల మధ్యనుంచి బయటికి పోయింది. అందరూ పాప మీద అరిచారు. కానీ ఎక్కువ కోపం వచ్చింది ఆ అబ్బాయికే. “నాకేం జాలిపడి గోల్ ఇవ్వక్కర్లేదు” అన్నాడు. “నీ కోసమే కదా ఇచ్చాను” అని పాప ఏడ్చింది.

ఆ పాప మనసు మంచిదనడంలో నాకు ఏ సందేహమూ లేదు. అబ్బాయి కోపం కూడా న్యాయమైనదే, తన తరఫున ఇంకొకరు నిర్ణయం తీసుకున్నారు కాబట్టి. ఇద్దర్నీ, వెనక ఆడుతున్న పిల్లల్నీ కూర్చోబెట్టి, ఎవరికి ఏం కనిపించిందో మాత్రమే చెప్పమన్నాను. తప్పెవరిదో అడగలేదు. డిఫెండర్ “ఖాళీ గోల్ ఉంది, కొట్టలేదు” అన్నాడు. అబ్బాయి “నా పేరు పిలవకుండా వేసింది” అన్నాడు. పాప చెప్పింది విన్నాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సారీలు చెప్పించాలని నేను ప్రయత్నించలేదు. ఆ తర్వాతి నుంచి పాస్ ఇచ్చేముందు పేరు పెట్టి పిలవాలని వాళ్లకు వాళ్లే నియమం పెట్టుకున్నారు. ఫుట్‌బాల్‌లో “నాది”, “వెనక మనిషున్నాడు”, “వదిలెయ్” అని అరుచుకోవడం ఎందుకు నేర్పిస్తామంటే, ఒకరి మనసులో ఉన్నది పక్కవాళ్లకు ఆ క్షణంలోనే అందాలని.

ఇంట్లో కార్టూన్ చూసేటప్పుడు కూడా ఇదే చేస్తాను. జట్టు అలిగే చోట ఆపి, “గోల్‌కీపర్ నిలబడ్డ చోటునుంచి ఏం కనిపించి ఉంటుంది?” అని అడుగుతాను. ‘ఎవరు మంచివాళ్లు’ అని అడిగితే పిల్లలు వెంటనే హీరో పేరు చెప్పేస్తారు, ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. గోల్‌కీపర్ గురించి అడిగితే కాస్త ఆలోచిస్తారు. ఆ తర్వాత “హీరో ముందే ఏం చెప్పి ఉంటే బాగుండేది?” అని అడగండి. మా పాప ఒకసారి లేచి నిలబడి, హీరో చెప్పాల్సిన మాటలన్నీ తనే చెప్పేసింది.

కథ ముగింపు కూడా గమనించండి. హీరో మంచితనం ఎవరో చాటుగా విని బయటపెట్టడం, అందరూ వచ్చి క్షమించమనడం, ఇది చాలా కథల్లో ఉంటుంది. ఇలాంటివే చూస్తే పిల్లలు మౌనంగా ఉండి, నిజం దానంతటదే బయటపడుతుందని ఎదురుచూస్తారేమోనని నా భయం. హీరో తనే ధైర్యం చేసి చెప్పుకునే ఎపిసోడ్లు, లేదా జట్టులో ఒకరు వచ్చి “ఎందుకలా చేశావు?” అని అడిగే ఎపిసోడ్లు దొరికితే వాటినే ఎంచుకోండి.

ఒకవేళ మీ బాబు మళ్లీ ఏడిస్తే టీవీ కట్టేయకండి. జట్టు విడిపోయిన చోట కథ ఆగిపోతే మనసులో అదే మిగులుతుంది. కాస్త దగ్గరికి తీసుకుని, వాళ్లు కలిసే దాకా చూపించండి. అప్పటికీ బాధ తగ్గకపోతే, తన స్నేహితుల్లో ఎవరైనా ఈమధ్య తనను అపార్థం చేసుకున్నారేమో నెమ్మదిగా అడగండి.