ధైర్యం తర్వాత, ముందు ఆన్సర్ షీట్ తీయండి

ప్రశ్న: మా అమ్మాయి రోజూ రాత్రి పదకొండింటి దాకా చదివేది. అయినా లెక్కల్లో 41 మార్కులే వచ్చాయి. నాలుగు రోజులుగా గదిలోంచి బయటికి రావడం లేదు. ‘నాకు బుర్ర లేదు, ఎంత చదివినా ఇంతే’ అంటోంది. ఎలా ధైర్యం చెప్పాలి? లెక్కలు లేని కోర్సు చూడమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ధైర్యం చెప్పే పని రెండు మూడు రోజులు పక్కన పెట్టండి. ‘పోనీలే, మార్కులదేముంది’ అని మీరంటే, తన బాధ మీకు లెక్కలేదన్నట్టు వినిపిస్తుంది ఆ పిల్లకి. భోజనానికి పిలవండి, కంటినిండా నిద్రపోనివ్వండి, చుట్టాల ఫోన్లు మీరే ఎత్తండి. అయితే తిండీ నిద్రా రెండు వారాలైనా దారికి రాకపోతే డాక్టర్‌కి చూపించాలి. ‘నేను లేకపోతే మీకే హాయి’ లాంటి మాట ఒక్కసారి వచ్చినా సరే, ఒంటరిగా వదలకుండా అదే రోజు తీసుకెళ్లండి.

ఇక ఆ ‘బుర్ర లేదు’ సంగతి. ఓటమికి కారణం ఎప్పటికీ మారదనీ, అది అన్నిట్లోనూ అడ్డుపడుతుందనీ అనుకునేవాళ్లు తొందరగా చేతులెత్తేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్మన్ చెబుతారు. అలాగని ‘నీకు బుర్ర ఉంది’ అని వాదించకండి. వాదనలో ఆమే గెలుస్తుంది, చేతిలో 41 ఉంది కదా! ఆన్సర్ షీట్ తెప్పించుకుని పక్కన కూర్చోండి. పోయిన ప్రతి మార్కు పక్కనా పెన్సిల్‌తో కారణం రాయమనండి: తెలియదు, తెలిసీ తప్పు చేశాను, టైం చాలలేదు, ప్రశ్న సరిగ్గా చదవలేదు.

నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడి పేపర్లో మూడో లైన్‌లో మైనస్ గుర్తు జారిపోయింది. పద్ధతంతా సరిగ్గానే ఉంది, జవాబు మాత్రం తప్పు. అలాంటివే తొమ్మిది మార్కులు. వేలు పెట్టి లెక్కపెట్టుకుని, అంతసేపూ నోరు విప్పనివాడు ‘సార్, ఇవి నాకొచ్చు’ అన్నాడు. నేను ఎంత లెక్చరిచ్చినా ఆ మాట వచ్చేది కాదు.

పదకొండింటి దాకా మీ అమ్మాయి ఎలా చదివేదో కూడా అడగండి. చదివిందే మళ్లీ మళ్లీ చదివేదేమో. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు 2006లో దీన్నే పరీక్షించి చూశారు. ఐదు నిమిషాలకే పెట్టిన పరీక్షలో మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే, పుస్తకం మూసి గుర్తున్నది రాసుకున్నవాళ్లది పైచేయి అయింది. తమాషా ఏంటంటే, తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పింది మాత్రం మళ్లీ మళ్లీ చదివినవాళ్లే! ‘ఇంట్లో అన్నీ వచ్చాయి, హాల్లో గుర్తు రాలేదు’ అనే పిల్లలు అబద్ధం చెప్పడం లేదు.

కాబట్టి రోజుకి ఒక్క టాపిక్, ఇరవై నిమిషాలు. చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద రాసి, తెరిచి తనే దిద్దుకోవాలి. రెండు రోజులాగి అదే టాపిక్ మళ్లీ రాయాలి. మొదట్లో కాగితం సగం ఖాళీగా ఉంటుంది, టెన్షన్ పెరుగుతుంది. అది మామూలేనని ముందే చెప్పి ఉంచండి.

కోర్సు మాట ఇప్పుడే ఎత్తకండి. ‘తెలియదు’ అని రాసినవే ఎక్కువగా ఉంటే, ఏ తరగతి పాఠం దగ్గర ఆగిపోయిందో వెతకాలి. చాలామందికి చిక్కు ఈ ఏడాది పాఠాల్లో ఉండదు, ఎప్పుడో చెప్పిన భిన్నాల దగ్గరే ఉంటుంది. పెన్సిల్ కారణాలు రాసిన ఆ పేపర్ తీసుకుని అమ్మాయినే రమ్మనండి, అది చూశాక కోర్సు గురించి మాట్లాడదాం.