థర్మాకోల్ ఆర్సీ (రిమోట్‌తో నడిచే) బొమ్మ పడవలో ఐదు నిమిషాలకే నీళ్ళు చేరుతున్నాయి, అడుగు మళ్ళీ కట్టాలా?

అడుగు జోలికి పోవద్దు తమ్ముడూ. రెండు పొరలు ఫైబర్ క్లాత్ వేసినా నీళ్ళు ఆగలేదంటున్నావు. అలాంటప్పుడు నా అనుమానమంతా ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే మోటారు నుంచి ప్రొపెల్లర్‌ను తిప్పే కడ్డీ, దూరే గొట్టం మీదే. నా మొదటి పడవకూ ఇదే జబ్బు.

ముందు టబ్బులో పెట్టి, మోటారు వేయకుండా అరగంట వదిలెయ్. లోపల అక్కడక్కడా టిష్యూ ముక్కలు పరుచు. గొట్టం మొదట్లో ఉన్న ముక్క ముందు తడిస్తే దొంగ దొరికినట్టే.

నా పడవ 60 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు. టబ్బులో చుక్క రాలేదు. ఇంకాసేపు ఆడుకోవచ్చు కదా అని ఎమర్జెన్సీ లైటులో వచ్చే 6 వోల్టుల బ్యాటరీ ఒకటి అదనంగా వేశా. అది ముప్పావు కిలో దాకా ఉంటుంది. ఆ సైజు పడవ దాదాపు ఒక సెంటీమీటరు కిందికి దిగడానికి అంత బరువు చాలు. దాంతో గొట్టం లోపలి చివర నీటి మట్టం కిందికి పోయింది. కర్నూలు దగ్గరి గార్గేయపురం చెరువులో మధ్యకు పోయాక ఆగిపోయింది. చేపలు పట్టే ఆయన పుట్టిలో వెళ్ళి తెచ్చిస్తే, లోపల చెంబుడు నీళ్ళు!

కాబట్టి బ్యాటరీతో సహా సామానంతా పెట్టాకే నీటి మట్టం గీత గీసుకో. గొట్టం లోపలి చివర ఆ గీతకు సెంటీమీటరైనా పైన ఉండాలి. అలాగని మరీ ఏటవాలుగా పెట్టావంటే ప్రొపెల్లర్ వెనక భాగాన్ని ఎత్తేసి ముక్కును నీళ్ళలోకి గుచ్చుతుంది. నేను పొడవాటి గొట్టం వేసి మోటారును ముందుకు జరిపా. గొట్టం మధ్యలో ఒక సన్న గొట్టం నిలబెట్టి అతికించి, సిరంజితో గ్రీజు ఎక్కిస్తా, రెండు చివర్లా బయటికి కనిపించేదాకా. అతికించడానికి ఎపాక్సీనే వాడు. ఫెవిక్విక్ థర్మాకోల్‌ను తినేస్తుంది.

రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌ను బెలూన్‌లో పెట్టి మూతి కట్టెయ్, యాంటెన్నా మాత్రం నీటి మట్టానికి పైన నిలబడాలి. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీళ్ళలో పోదు. సిగ్నల్ తెగితే మోటారు ఆగేలా ఫెయిల్‌సేఫ్ కూడా పెట్టుకో.

ట్రయల్‌కు కేసీ (కర్నూలు–కడప) కాలువ వద్దు. సిగ్నల్ తెగిందంటే కడప దారిలో వెతుక్కోవాలి. టిష్యూ ఎక్కడ తడిసిందో ఫోటో పెట్టు, చూస్తా.