తపాలా బిళ్ళలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అన్నయ్య 1982 నాటి రాష్ట్ర పక్షుల బిళ్ళలు విడివిడిగా పంపాడు. ఎర్ర కార్డినల్ ఏడుసార్లు వచ్చింది. ఒకటి ఉంచుకుని మిగతావి ఇచ్చేయవచ్చా? (కాకినాడ పాఠకురాలు)

జవాబు: వద్దండీ. ఆ ఏడూ వేర్వేరు రాష్ట్రాలవి: ఇలినాయ్, ఇండియానా, కెంటకీ, నార్త్ కరోలినా, ఒహాయో, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా. మెడోలార్క్ ఆరు రాష్ట్రాలకు, మాకింగ్‌బర్డ్ ఐదింటికి రాష్ట్ర పక్షులు. ప్రతి బిళ్ళ మీదా పక్షితో పాటు ఆ రాష్ట్ర పువ్వూ ఉంటుంది. పక్షులను ఆర్థర్ సింగర్, పూలను ఆయన కొడుకు ఆలన్ సింగర్ వేశారు. బొమ్మ ఏ రెండు బిళ్ళల మీదా ఒకటి కాదు. నార్త్ కరోలినా, వర్జీనియా మాత్రం తికమక పెడతాయి, రెంటి మీదా కార్డినల్, డాగ్‌వుడ్ పూలే. బిళ్ళ మీద అచ్చయిన రాష్ట్రం పేరు చూసి సర్దండి.

అసలు తేడా అంచు పళ్ళలో ఉంది. ఈ బిళ్ళలు రెండు రకాల పర్ఫరేషన్‌తో వచ్చాయి: 10½ x 11¼, 11¼ x 11. మొదటి అంకె పై, కింది అంచులది. 2 సెంటీమీటర్లలో ఎన్ని పళ్ళున్నాయన్నదే ఆ లెక్క. ముప్పాతిక పన్ను తేడా కంటికి ఆనదు. పర్ఫరేషన్ గేజ్ (పళ్ళు కొలిచే గీతల స్కేలు) మీద 10½ వరుసకు పై అంచు ఆనించండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా పళ్ళు గీతలతో కలిస్తే మొదటి రకం, మధ్యలో తప్పుకుంటూ పోతే రెండోది. రెండు రకాలూ కలిపేసి "పూర్తి సెట్టు" అని అమ్మేవాళ్ళుంటారు, చూసి కొనండి. 20 సెంట్లవి 50 బిళ్ళలు, ముఖ విలువ 10 డాలర్లు. వాడని బిళ్ళలు అక్కడ ఇప్పటికీ తపాలాకు చెల్లుతాయి కాబట్టి, అరుదైనవంటూ భారీ ధర చెబితే నమ్మకండి.

ప్రశ్న: మన రాష్ట్ర పక్షులతో ఆల్బం మొదలుపెట్టాలి. ఏ బిళ్ళలు వెతకాలి? (వరంగల్ పాఠకుడు)

జవాబు: 1975 పక్షుల సెట్టుతో మొదలుపెట్టండి. రూపాయి బిళ్ళ మీది ట్రాగోపాన్ హిమాచల్‌ది, రెండు రూపాయల బిళ్ళ మీది మోనాల్ ఉత్తరాఖండ్‌ది. 1980 నాటి బట్టమేక పిట్ట (2.30 రూపాయలు) రాజస్థాన్‌ది. పేజీలో రాష్ట్రం పేరు పక్కన ఏడాది కూడా రాయండి. రాష్ట్ర పక్షులు మారుతుంటాయి. హిమాచల్‌కు 2007 దాకా మోనాలే. పాలపిట్ట మీ తెలంగాణకు ఉండిపోయింది, ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకకు మారింది.

ప్రశ్న: కవరు మీది బిళ్ళ ఊడదీస్తే చిరుగుతోంది. (నెల్లూరు పాఠకుడు)

జవాబు: పొడిగా లాగడం వల్లే. చుట్టూ ఒక వేలు వెడల్పు కాగితం వదిలి కత్తిరించండి. గోరువెచ్చని నీళ్ళలో బొమ్మ పైకి ఉండేలా 15–20 నిమిషాలు తేలనివ్వండి. బిళ్ళ దానంతటదే జారాలి. వెనక జిగురు కడిగి, బొమ్మ కిందికి పెట్టి బ్లాటింగ్ పేపర్ మీద ఆరబెట్టండి. పూర్తిగా ఆరాకే పుస్తకం కింద అణచండి, తడిమీద అణిస్తే మిగిలిన జిగురు కాగితానికి అంటుకుంటుంది. రంగు కవర్లు వేరే గిన్నెలో వేయండి, రంగు దిగుతుంది.

1994 నీటి పక్షుల సెట్టును మాత్రం నీళ్ళ దగ్గరకే రానివ్వకండి. నల్లమెడ కొంగ ఉన్న సెట్టు అది. సిరా నీటికి కరుగుతుందనే వాటి అమ్మకం ఆపేశారు. చెమట చేత్తో కూడా ముట్టుకోకుండా పట్టకారుతో తీసి, మౌంట్‌లో (బిళ్ళను దాచే పారదర్శక తొడుగులో) పెట్టండి.