పిల్లిపీచరను చెల్క నేలలో సాగు చేయవచ్చా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర, పాకాల అడవి అంచున ఉన్న ఊరు. అడవిలోనూ, మా చేను గట్ల మీదా పిల్లిపీచర ముళ్ల తీగలు చెట్లకు అల్లుకొని ఉంటాయి. వాటి గడ్డలకు మంచి ధర ఉందని, మొక్కలు తామే ఇచ్చి పంట తామే కొంటామని కొందరు వచ్చి చెబుతున్నారు. నాకు రెండెకరాల చెల్క (తేలికపాటి ఎర్ర నేల), ఒక ఎకరం నల్లరేగడి ఉన్నాయి. అడవిలోని తీగలను తవ్వి తెచ్చి నాటుకోవచ్చా? సాగు ఎట్లా చేయాలి?
– ఒక రైతు, వరంగల్ జిల్లా

సమాధానం: మీ చెల్క నేలలో శతావరి అనే ఔషధ తీగ, అంటే మీరు చెప్పిన పిల్లిపీచర, బాగా వస్తుంది. అయితే అడవి నుంచి మాత్రం ఒక్క తీగను కూడా తవ్వి తేవద్దు. పాకాల వన్యప్రాణి అభయారణ్యం కాబట్టి అక్కడ మొక్కలను పెకలించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అంతకు మించిన కారణం మరొకటి ఉంది. ఈ తీగలో పనికివచ్చేవి వేర్లే కాబట్టి, తవ్విన ప్రతిసారీ విత్తనమిచ్చే ముదురు మొక్క ఒకటి అడవిలో లేకుండా పోతుంది. మీ గట్ల మీది తీగలు మీకు పెద్ద ఆస్తి. వాటిని కొట్టివేయకుండా కాపాడుకొని, ఎర్రగా పండిన కాయలను కోసి, గుజ్జు కడిగి, లోపలి నల్లటి గింజలను నీడలో ఆరబెట్టి విత్తనంగా వాడుకోండి. చాలకపోతే హైదరాబాద్ బోడుప్పల్‌లోని సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రంలో విచారించండి.

నల్లరేగడిని ఈ పంటకు కేటాయించవద్దు. వానకాలంలో నీరు నిలిచి వేర్లు కుళ్లుతాయి. తవ్వే వేళకు నేల బిగుసుకొని, ఉన్న వేర్లు కూడా ముక్కలవుతాయి. చెల్కలో సైతం మొదటిసారే రెండెకరాలు వేయకుండా పది గుంటలతో (పావు ఎకరంతో) ప్రారంభించమని నా సలహా, ఎందుకంటే వేర్లు చేతికి రావడానికి కనీసం ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది, అంతకాలం ఆ భూమి నుంచి వేరే ఆదాయం పెద్దగా ఉండదు.

పది గుంటలకు అర కిలో విత్తనం తీసుకోండి. గింజ పైపొర గట్టిగా ఉండడం వల్ల సగానికి పైగా మొలవకపోవచ్చు. అందుకే ఈ మోతాదు కొంచెం ఎక్కువగానే చెబుతున్నాను. గింజలను ఒక రాత్రి నీటిలో నానబెట్టి, ఎండాకాలం చివరలో ఎత్తైన నారుమడిలో పైపైన విత్తి, పలుచటి నీడ కల్పించి, తడి ఆరకుండా చూడాలి. ప్రధాన పొలాన్ని లోతుగా దున్ని, బాగా మాగిన పశువుల ఎరువు ఒక టన్ను కలిపి, బోదెలు వేసుకోండి. జూలైలో నేల బాగా తడిసిన తరువాత బోదెల మీద అటూ ఇటూ 60 సెంటీమీటర్ల ఎడంతో నాటితే పది గుంటలకు సుమారు 2,800 మొక్కలు పడతాయి. మొక్కలు నిలదొక్కుకునే వరకు వాన లేకపోతే నాలుగైదు రోజులకొకసారి, ఆ తరువాత నేల స్వభావాన్ని బట్టి తక్కువగా నీరివ్వండి. మొదటి వానకాలంలో బోదెల మధ్య పెసర వేసుకుంటే కలుపు కూడా అదుపులో ఉంటుంది.

తీగకు ఊతం తప్పనిసరి. పత్తి కట్టె అందుబాటులో ఉంది కదా అని దానిని పాతవద్దు. దానిపై మిగిలిన ఎండు కాయల్లో గులాబీ రంగు పురుగు దాగి మరుసటి ఏటి పత్తికి చేరుతుంది. కంది కట్టె గానీ, నాలుగైదు అడుగుల వెదురు కర్రలు గానీ వాడండి. ముళ్లు కొక్కేల వలె వంగి చర్మాన్ని చీల్చుతాయి కాబట్టి కలుపు తీసే కూలీలకు మందపాటి చేతి తొడుగులు ఇవ్వడం మరచిపోవద్దు. చీడపీడల బెడద ఈ పంటకు తక్కువే. అడవి అంచున మీకు ఎక్కువ భయం దుంపలు తవ్వే పందుల నుంచి, కాబట్టి కంచె ఖర్చును ముందే లెక్కలో వేసుకోండి.

చలికాలంలో తీగ పసుపుబారి ఎండుముఖం పట్టినప్పుడు తేలికగా తడి ఇచ్చి, వేర్లు తెగకుండా గడ్డపారతో తవ్వాలి. మొగ్గలున్న తల భాగాన్ని విడదీసి మళ్లీ నాటుకోవచ్చు. వేర్లను కడిగి, కొద్దిసేపు ఉడికించి, పైతోలు ఒలిచి, నడుమనున్న పీచును లాగివేసి నీడలో ఆరబెట్టండి. ఎండిన వేరు తేమను త్వరగా పీల్చుకొని బూజు పడుతుంది కాబట్టి గాలి చొరని సంచుల్లో నిల్వ చేయాలి.

ఇక కొంటామని వచ్చినవారి విషయం. మొక్కలను అధిక ధరకు అమ్మి, పంట చేతికొచ్చే నాటికి కనిపించకుండా పోయేవారు ఔషధ మొక్కల రంగంలో ఉన్నారు. మొక్క ధరను ముందుగా పూర్తిగా చెల్లించవద్దు. వారు ఇదివరకు పంట కొన్న రైతుల పేర్లు అడిగి, వెళ్లి మాట్లాడండి. పది కిలోల పచ్చి వేర్లు ఎండితే ఒకటి, ఒకటిన్నర కిలోకు మించి రావు. అందువల్ల వారు చెప్పే ధర పచ్చి వేరుకా, తోలు తీసి ఎండబెట్టిన వేరుకా అన్నది ఒప్పంద పత్రంలో స్పష్టంగా రాయించుకున్న తరువాతే సంతకం చేయండి.