పొయ్యి పక్క తలుపుల రంగు పెచ్చులూడుతుంటే

అక్కా, సన్‌మైకా తలుపులకు వేసిన ఎనామిల్ పొయ్యి పక్కన లేస్తోందన్నారు. అక్కడ పట్టిన నూనె జిడ్డే కారణం. లేచిన రంగంతా గీకెయ్యండి. లీటరు వేడినీళ్లలో 2 చెంచాల బట్టల సోడా కలిపి, గ్లౌజులేసుకొని తుడిచి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఆ తర్వాతే 220 నంబరు సాండ్‌పేపర్. ముందే రుద్దితే జిడ్డు గీతల్లోకి దిగుతుంది. మెరుపు పూర్తిగా పోవాలి. మామూలు వుడ్ ప్రైమర్ సన్‌మైకాను పట్టదు, నున్నటి వాటికి పట్టే ప్రైమరే అడగండి. ఎనామిల్ పల్చగా 2 కోట్లు, మధ్యలో 24 గంటలు. మన నల్లగొండ ఎండలో మాత్రం వెయ్యొద్దు: పైపొర ముందే ఆరి బుడగలొస్తాయి. పొద్దున్నే నీడలో వెయ్యండి. వారం దాకా తడిబట్ట తగలనీయకండి.