సిస్టమ్ సంగతులు: హార్డ్ డిస్క్ టక్‌టక్‌మంటోంది

ప్రశ్న: నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంట్లో సిస్టమ్ కొని తొమ్మిదేళ్ళయింది. నెల రోజులుగా ఆన్ చేస్తే తెర రావడానికి పావుగంట పడుతోంది. ఫొటోల ఫోల్డర్ తెరిస్తే లోపల టక్, టక్ అని చప్పుడు, ఆపైన అంతా బిగుసుకుపోతోంది. మొన్న నల్ల తెర మీద ‘స్మార్ట్ స్టేటస్ బ్యాడ్, బ్యాకప్ అండ్ రీప్లేస్’ అని వచ్చింది. మా అమ్మాయి పెళ్ళి వీడియో, మనవడి ఫొటోలు, ఎనిమిదేళ్ళ కొబ్బరి దింపు లెక్కలు అన్నీ డి డ్రైవ్‌లోనే ఉన్నాయి. షాపబ్బాయి చెక్ డిస్క్ కొట్టి, ఫార్మాట్ చేస్తే బాగైపోతుందంటాడు. మా మరిది డిస్క్‌ని కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టమంటాడు. ఎవరి మాట వినాలి?
– ఓ పాఠకురాలు, కోనసీమ

జవాబు: ఇద్దరి మాటా వద్దమ్మా. ఆ నల్ల తెర మీది మాట డిస్క్ తన గురించి తనే ఇచ్చే హెచ్చరిక: చెడిపోతున్నాను, కాపీ తీసుకుని నన్ను మార్చండి అని. ముందు సిస్టమ్ ఆపేయండి. ఈ జవాబు అచ్చయ్యేలోపు దాన్ని ఇంకెన్నిసార్లు ఆన్ చేస్తారోనని నాకు టెన్షన్‌గా ఉంది.

ఇళ్ళలో వాడే డిస్కులు చాలావరకు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతాయి, అంటే సెకనుకు 120. లోపలి పళ్ళేనికి తగలకుండా, కొద్ది నానోమీటర్ల ఎత్తున హెడ్ తేలుతూ చదువుతుంది. చదవాల్సిన చోటు దొరక్క అది వెనక్కి పోయి మళ్ళీ వస్తున్నప్పుడు వినబడేదే సాధారణంగా ఆ టక్‌టక్. ఇక ఫ్రిజ్ సంగతి. మన తేమ గాలిలో ఫ్రిజ్‌లోంచి తీసిన మంచినీళ్ళ సీసాకి చెమట పట్టినట్టే డిస్క్‌కీ పడుతుంది. ఆ తేమతో దాన్ని తిప్పారంటే, మిగిలిన కాస్త ఆశా పోతుంది.

ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచేయడమే, ఆ మాటే ఎత్తొద్దు. చెక్ డిస్క్ అంటే డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రామ్. అది చెడ్డది కాదు, కానీ దానికి సమయం ఇది కాదు. బ్యాడ్ సెక్టార్లు, అంటే పాడైన చోట్లు, వెతకమంటే డిస్క్ మూలమూలా చదువుతుంది, పైగా దాని మీదే రాస్తుంది. రొప్పుతున్న మనిషిని మేడ ఎక్కించడమే! ఇది నేను చేసి చూసిన పనే. 2003 పుష్కరాలకు రాజమండ్రి కోటిలింగాల రేవులో నాన్నగారితో దిగిన ఫొటోలు స్కాన్ చేసి పెట్టుకున్నాను. డిస్క్ మొరాయిస్తే రాత్రి చెక్ డిస్క్ పెట్టి పడుకున్నాను. పొద్దున్నకి ఫోల్డర్ పేరే లేదు. ‘ఫౌండ్ 000’ అనే దాంట్లో సీహెచ్‌కే అనే తోకతో ముక్కలున్నాయి. మూడు ఫొటోలు తెరుచుకున్నాయి, ఒకదాంట్లో నాన్నగారి తల లేదు. తప్పు నాదే, కాపీ తీయకుండా మరమ్మతుకి దిగాను.

మీరు ఓ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనుక్కుని షాపుకి వెళ్ళండి. ‘రిపేరు వద్దు బాబూ, డేటా కాపీ చేసిస్తే చాలు’ అనండి. మీ విండోస్ కూడా ఇదే డిస్క్ మీద నడుస్తున్నట్టుంది, అంటే మీరు ఊరుకున్నా అది చదువుతూ రాస్తూనే ఉంటుంది. అందుకే డిస్క్‌ని విప్పి మరో సిస్టమ్‌కి రెండో డిస్క్‌గా తగిలించమనండి. అక్కడ తెరపై ‘స్కాన్ చేసి సరిచేయనా’ అని అడిగితే వద్దనాలి.

పెళ్ళి వీడియో ముందు తీయాలని మీ ప్రాణం కొట్టుకుంటుంది. నేనైతే దింపు లెక్కలు ముందు తీస్తాను. అవి కొద్ది ఎంబీలే, క్షణంలో అయిపోతాయి. తర్వాత ఫొటోలు, ఒక్కో ఏడాది ఫోల్డర్ విడివిడిగా. వీడియో జీబీల్లో ఉంటుంది, దాని దగ్గర డిస్క్ ఆగిపోయినా మిగతావి దక్కుతాయి. షాపబ్బాయి రోబోకాపీ (విండోస్‌లో ఉండే కాపీ ప్రోగ్రామ్) వాడేటట్టయితే ఒక మాట చెప్పండి. మామూలుగా వదిలేస్తే అది చదవలేని ఫైలు కోసం 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. ఒక్కసారి చాలని ముందే పెట్టాలి. విండోస్‌కి బదులు వాడే లినక్స్ తెలిసినవాడైతే మరీ మంచిది. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ బాగున్న చోట్లు ముందు లాగేసి, మొండి చోట్ల దగ్గరికి చివర్లో వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు. కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా!

డిస్క్ అసలు కనిపించకుండా ఊరికే టక్‌టక్‌మంటుంటే మాత్రం అక్కడితో ఆపేయాలి. ఆ పని డేటా రికవరీ ల్యాబ్‌ది, ఖర్చు వేలల్లో ఉంటుంది. టేబుల్ మీద మూత విప్పి చూస్తానంటే ఎవరికీ ఇవ్వకండి.

చప్పుడేమీ లేక, సిస్టమ్ మాత్రమే నెమ్మదించిన పాఠకులు డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో చూసుకోండి. అందులో సీ5 అనే వరుస దగ్గర అంకె పెరుగుతుంటే డిస్క్‌లో చదవలేని చోట్లున్నట్టు. సీ7 ఒక్కటే పెరుగుతుంటే చాలాసార్లు తప్పు కేబుల్‌ది, ముందు అది మార్చి చూడండి.

మీరు కొత్తగా ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేని డిస్క్) వేయించుకోండి, కానీ అదీ ఒకరోజు చప్పుడైనా చేయకుండా పోగలదు. రెండో కాపీ అమ్మాయి ఇంట్లో ఉంచండి. 2022 జులై వరదకి లంక ఊళ్ళలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి కదా, రెండు కాపీలూ ఒకే బీరువాలో ఉంటే లాభమేముంది?

కాపీ అయిందనగానే పాత డిస్క్ ఫార్మాట్ చేయనివ్వకండి. షాపులోనే కూర్చుని వీడియోని జీలకర్రబెల్లం నుంచి అప్పగింతల దాకా అక్కడక్కడా తిప్పి చూడండి. తలంబ్రాల దగ్గర ఆగిపోతే ఆ సంగతి అప్పుడే తెలియాలి.